సిసిలీ తీరంలో గ్రీకు, రోమన్ శిథిలాలు: హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లు ఏం చూడాలి, ఎలా చూడాలి

గ్రీకు గుళ్లకు ఏథెన్స్, రోమన్ కట్టడాలకు రోమ్ అంటూ టూర్ ప్యాకేజీలు రెండు దేశాలు తిప్పుతాయి. ఈ రెండూ ఒకే తీరంలో కావాలంటే ఇటలీ కింద ఉన్న సిసిలీ ద్వీపానికి వెళ్లండి. ఒక మజిలీ నుంచి తర్వాతి మజిలీకి కారులో రెండు గంటలకు అటూ ఇటూగా పడుతుంది. క్రీ.పూ. 8వ శతాబ్దం నుంచే గ్రీకులు ఇక్కడికి వచ్చి ఊళ్లు కట్టారు. క్రీ.పూ. 212లో సిరాక్యూజ్ రోమన్ల చేతికి చిక్కింది. అందుకే ఒకే ఊళ్లో, కొన్నిచోట్ల ఒకే గోడలో, రెండు కాలాలూ కనిపిస్తాయి.

శిథిలాల యాత్రకు వెళ్లొచ్చినవాళ్లు ఎక్కువగా అనే మాట ఒకటుంది: "రెండు గుళ్లు చూశాక అన్నీ రాళ్లలాగే కనిపించాయి." తప్పు గుళ్లది కాదు. రోజుకు మూడేసి చోట్లు, అవీ మిట్టమధ్యాహ్నం, ఏం చూడాలో తెలియకుండా చూస్తే ఎవరికైనా అలాగే ఉంటుంది. రోజుకు ఒకే పెద్ద స్థలం పెట్టుకోండి. ఈ ఒక్క నియమం తప్పకపోతే మిగతావి సర్దుకోవచ్చు.

ఎప్పుడు వెళ్లాలి

ఏప్రిల్ మధ్య నుంచి మే నెలాఖరు వరకు, లేదంటే సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ నెలాఖరు వరకు. పిల్లల సెలవులతో పెట్టుకుంటే ఏప్రిల్ చివరి వారం, మే మొదటి సగం బాగా కుదురుతాయి. "మే ఎండలకే జంకని హైదరాబాదీలం, యూరప్ ఎండ ఒక లెక్కా" అనుకుని జులై, ఆగస్టుల్లో చవగ్గా దొరికిన టికెట్లు కొనకండి. 2021 ఆగస్టు 11న సిరాక్యూజ్ పక్కనున్న ఫ్లోరిడియా దగ్గర 48.8 డిగ్రీలు నమోదైంది, యూరప్ ఖండంలో అదే రికార్డు. ఇక్కడ మనం మధ్యాహ్నం ఇంట్లోనో ఆఫీసులోనో ఉంటాం. అక్కడ చెట్టు నీడ లేని కొండ మీద నడవాలి, లేత రంగు రాతి మీద పడ్డ ఎండ కింద నుంచి కూడా మొహానికి కొడుతుంది. చలికాలంలో జనం ఉండరు, గదులు చవక. కానీ సాయంత్రం అయిదయ్యేసరికి చీకటి పడుతుంది, చాలాచోట్ల గేట్లు అంతకు ముందే మూసేస్తారు.

వీసా, విమానం

కావాల్సింది చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంగెన్ వీసా. ఇటలీ దరఖాస్తు, వేలిముద్రలు హైదరాబాద్ వీసా కేంద్రంలోనే ఇవ్వొచ్చు. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి 15 రోజుల ముందు వరకు దరఖాస్తు తీసుకుంటారు. ఆ 15 రోజుల మాట నమ్ముకోకండి, వేసవి ప్రయాణాలకు అపాయింట్‌మెంట్లే దొరకవు. కనీసం మూడు నెలల ముందు మొదలుపెట్టండి. పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 45, కేంద్రం సర్వీస్ చార్జీ వేరు. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి, షెంగెన్ దేశాలన్నిటికీ వర్తించాలి.

చిక్కు ఎక్కువగా కాగితాల్లోనే వస్తుంది. ప్రయాణ పట్టికలో 10 రాత్రులు చూపించి హోటల్ బుకింగులు 8 రాత్రులకే పెట్టడం, దరఖాస్తుకు వారం ముందు ఖాతాలో ఒక్కసారిగా పెద్ద మొత్తం వేయడం, ఆఫీసు సెలవు పత్రం మర్చిపోవడం మామూలుగా జరిగేవి. పారిస్ కూడా కలుపుకుని అక్కడే ఎక్కువ రాత్రులుంటే దరఖాస్తు ఫ్రాన్స్‌కు పెట్టాలి, ఇటలీకి కాదు.

శంషాబాద్ నుంచి సిసిలీకి నేరుగా విమానం లేదు. గల్ఫ్ మీదుగానో ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో ఇటలీ చేరి, అక్కడి నుంచి కటానియాకు చిన్న విమానం పట్టుకోవాలి. వెళ్లేటప్పుడు కటానియాలో దిగి, వచ్చేటప్పుడు పలెర్మోలో ఎక్కేలా టికెట్ తీసుకుంటే వెనక్కి తిరిగి రావాల్సిన ఒక రోజు మిగులుతుంది. చివరి ముక్క విడి టికెట్ అయితే మధ్యలో కనీసం 4 గంటలు ఉంచుకోండి. మొదటి విమానం ఆలస్యమైతే రెండో కంపెనీకి సంబంధం ఉండదు, సామాను బరువు పరిమితి కూడా వేరేగా ఉంటుంది.

పచ్చళ్లు, పొడులు పట్టుకెళ్లొచ్చు. నెయ్యి, పాలకోవా లాంటి పాల పదార్థాలు, మాంసం, పచ్చి కరివేపాకు యూరప్‌లోకి తేవడానికి ఒప్పుకోరు.

దారి, కారు

సిరాక్యూజ్‌లో 3 రాత్రులు, పియాజ్జా అర్మెరీనాలో 1, అగ్రిజెంటోలో 2, సెలినుంటే పక్కన మరినెల్లాలో 1, పలెర్మోలో 2. మొత్తం 9. విమాన ప్రయాణం కాక పది రోజులు ఉన్నవాళ్లకు సరిపోతుంది. ఇంతకంటే తక్కువ రోజులుంటే అన్నీ కుదించకండి, పడమటి వైపు వదిలేసి తూర్పు మాత్రమే చూడండి.

కారు నడిపేవాళ్లు మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకెళ్లాలి. ఆర్టీఏ ఆఫీసులో ఇస్తారు, ఏడాది చెల్లుతుంది. అద్దె కంపెనీలు డ్రైవర్ పేరు మీదే ఉన్న క్రెడిట్ కార్డు అడుగుతాయి, డిపాజిట్ దాని మీదే ఆపుతాయి. డెబిట్ కార్డు చూపిస్తే చాలాచోట్ల తాళం చేతికివ్వరు. ఆటోమేటిక్ కార్లు తక్కువ, ముందే అడిగి ఉంచాలి. కటానియాలో తీసుకుని పలెర్మోలో వదిలితే అదనంగా వసూలు చేస్తారు, మొత్తం ఎంతో బుక్ చేసేటప్పుడే చూసుకోండి.

స్టీరింగ్ ఎడమ వైపు, ప్రయాణం రోడ్డుకు కుడి వైపు. మెయిన్ రోడ్డు మీద అరగంటలో అలవాటైపోతుంది. పొరపాటు జరిగేది పెట్రోల్ బంకులోంచో పార్కింగ్‌లోంచో ఖాళీ రోడ్డు మీదకి వచ్చినప్పుడు, ఎదురుగా బండి లేకపోతే చెయ్యి తనంతట తానే ఎడమకు తిప్పేస్తుంది. పక్కన కూర్చున్నవాళ్లు ప్రతిసారీ "కుడి" అని గుర్తుచేయడం మంచిది. రౌండ్‌అబౌట్‌లో మామూలుగా లోపల తిరుగుతున్న బండిదే హక్కు.

పాత ఊళ్ల నడిబొడ్డులో జెడ్.టి.ఎల్. అనే పరిమిత ప్రవేశ ప్రాంతాలుంటాయి. తెల్ల బోర్డు, ఎర్ర వలయం, పైన కెమెరా. నావిగేషన్ యాప్ మిమ్మల్ని నేరుగా అందులోకే తీసుకెళ్తుంది. సిరాక్యూజ్‌లోని ఓర్టీజియా దీవి, పలెర్మో పాత బస్తీ రెండూ ఇలాంటివే. బండి బయటి పార్కింగ్‌లో పెట్టి నడవండి.

కారు వద్దనుకుంటే కటానియా నుంచి సిరాక్యూజ్‌కు రైలు, కటానియా నుంచి అగ్రిజెంటోకు సుమారు 3 గంటల బస్సు, అక్కడి నుంచి పలెర్మోకు 2 గంటల రైలు ఉన్నాయి. సెలినుంటేకు బస్సుల లెక్క కష్టం, దాన్ని వదిలేసుకోవచ్చు.

బయల్దేరే ముందు కళ్లకు కాస్త సాధన

సంగారెడ్డి దగ్గరి కొండాపూర్‌కు ఒక ఆదివారం వెళ్లి రండి. ఐటీ కొండాపూర్ కాదు, శాతవాహనుల కాలపు కోటదిబ్బ ఉన్న కొండాపూర్. అక్కడి తవ్వకాల్లో రోమన్ నాణేలు దొరికాయి, పక్కనే మ్యూజియం ఉంది. కూలిపోయి పునాదులు మాత్రమే మిగిలిన చోట గది ఎక్కడ, వీధి ఎక్కడ అని ఊహించడం ఇంటి దగ్గరే నేర్చుకుంటే అక్కడ పనికొస్తుంది.

గ్రీకు గుడి దగ్గర మొదట చేయాల్సింది స్తంభాలు లెక్కపెట్టడం. ముందు వైపు ఎన్ని, పొడుగు వైపు ఎన్ని అని చూడండి, మూల స్తంభాన్ని రెండు వైపులా కలపాలి. సెలినుంటే గుళ్లను ఇంగ్లిష్ అక్షరాలతో పిలుస్తారు. అక్కడి క్రీ.పూ. 6వ శతాబ్దపు సి గుడికి ముందు 6, పొడుగు వైపు 17. 5వ శతాబ్దపు ఇ గుడికి 6, 15. అగ్రిజెంటోలోని కాంకోర్డియాకు 6, 13. కాలం గడిచేకొద్దీ పొడుగు తగ్గి, ముందు లెక్కకు రెట్టింపు మీద ఒకటి అనే కొలత స్థిరపడింది. సెజెస్టా మాత్రం 6, 14తో ఈ వరసలో ఇమడదు. సిసిలీలో గుళ్లు దాదాపు అన్నీ డోరిక్ పద్ధతివే, స్తంభానికి కింద పీఠం ఉండదు, నేరుగా మెట్టు మీద నిలబడుతుంది.

రెండోది, గుడి ముఖం తూర్పుకు ఉంటుంది. బలిపీఠం లోపల ఉండదు, తూర్పున ఆరుబయట ఉంటుంది. పూజ జరిగింది అక్కడే, జనం నిలబడిందీ అక్కడే. మన గుళ్ల అలవాటుతో అందరూ గర్భగుడి కోసం వెతుకుతారు, బలిపీఠాన్ని ఏదో అరుగు అనుకుని దాటిపోతారు.

మూడోది, గ్రీకులదా రోమన్లదా అని పోల్చుకోవడం. సున్నం లేకుండా పేర్చిన పెద్ద దిమ్మెలైతే గ్రీకు. ఇటుక, సున్నపు కాంక్రీటు, కమాన్ల మీద లేచిన కట్టడమైతే రోమన్. గ్రీకు థియేటర్ కొండ వాలులో చెక్కినది. నాలుగు వైపులా మెట్లున్న అండాకారపు గోదా ఉంటే అది ఆంఫిథియేటర్, రోమన్లది. గ్రీకు దిమ్మెల మీద చిందరవందరగా కనిపించే గుంతలు చాలావరకు తర్వాతి కాలంలో లోపలి లోహపు బిగింపుల కోసం తవ్వుకున్నవి.

సిరాక్యూజ్

ముందు ఓర్టీజియా. వంతెన దాటగానే కంచె వెనక అపోలో గుడి ఉంటుంది. స్తంభాలు ముక్కలు పేర్చినవి కావు, ఒక్కొక్కటి ఒకే రాయి. అంత బరువు మోయడం ఎంత కష్టమో తెలిశాకే తర్వాతివాళ్లు ముక్కలుగా చెక్కడం మొదలుపెట్టారు. అక్కడి నుంచి పది నిమిషాల నడకలో కేథడ్రల్. ముందు వైపు 1693 భూకంపం తర్వాత కట్టిన అలంకారాల గోడ చూసి ఫోటో తీసుకుని వెళ్లిపోతారు చాలామంది. పక్క సందులోకి తిరగండి. చర్చి గోడలోంచి లావుపాటి డోరిక్ స్తంభాలు సగం బయటికి ఉబికి కనిపిస్తాయి. అది క్రీ.పూ. 480 ప్రాంతపు ఎథీనా గుడి, స్తంభాల మధ్య ఖాళీలు పూడ్చి చర్చి చేశారు. లోపలికి వెళ్లి అదే స్తంభాన్ని రెండో వైపు నుంచి చూడండి. ఒక సాయంత్రం దీనికే ఇవ్వొచ్చు.

రెండో రోజు నెయాపోలిస్ పార్కు. గేటు తీసే వేళకే వెళ్లండి. ముందుగా థియేటర్, ఆ తర్వాత లాటోమియా రాతి గని, చివర్లో ఆంఫిథియేటర్. గనిలో చెట్ల నీడ ఉంటుంది కాబట్టి ఎండ ఎక్కేసరికి అక్కడ ఉండాలి. థియేటర్ మొత్తం కొండరాతిని తొలిచి చెక్కారు, వ్యాసం దాదాపు 138 మీటర్లు. మెట్ల వరుసల మధ్య అడ్డంగా సాగే నడవ గోడ మీద గ్రీకు అక్షరాలు వెతకండి. రాజు రెండో హియరాన్, రాణి ఫిలిస్టిస్ పేర్లు అక్కడే ఉన్నాయి, ఒక్కో విభాగానికి ఒక్కో పేరు. ఎండ ఏటవాలుగా పడే పొద్దున వేళ అవి తేలిగ్గా కనిపిస్తాయి, మధ్యాహ్నం కనిపించవు.

మే, జూన్‌లలో వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక. 1914లో మొదలైన ప్రాచీన నాటకాల ఉత్సవం కోసం వసంతం నుంచి రాతి మెట్ల మీద చెక్క బల్లలు పరుస్తారు. పొద్దున వెళ్తే రాయి బదులు చెక్కే కనిపిస్తుంది. అప్పుడు సాయంత్రం నాటకానికి టికెట్ కొనండి. భాష ఇటాలియన్ అయినా ఆ థియేటర్ దేనికి కట్టారో దానికే వాడటం చూస్తారు. కూర్చోవడానికి మెత్త తీసుకెళ్లండి.

గనిలో "డయోనీసియస్ చెవి" గుహ ఎత్తు 23 మీటర్లు, లోతు 65 మీటర్లు. ప్రతిధ్వని వినాలంటే గుంపులు బయటికి పోయేదాకా ఆగి, లోపలి చివర ఒకరు చిన్నగా కాగితం చింపితే చాలు. ఇలాంటి గనుల్లోనే క్రీ.పూ. 413లో ఓడిపోయిన ఏథెన్స్ సైనికులను బంధించారు.

తావోర్మీనా వెళ్లాలా వద్దా అంటే, కటానియాలో దిగిన రోజో మర్నాడో అరపూట ఇవ్వొచ్చు. అక్కడి థియేటర్ గ్రీకులు మొదలుపెట్టిందే అయినా కనిపించే ఇటుక పని రోమన్లది. వేదిక గోడ మధ్య ఖాళీలోంచి ఎట్నా అగ్నిపర్వతం కనిపించే ఫోటో అందరికీ తెలుసు. ఆ ఖాళీ కూలిపోవడం వల్ల ఏర్పడింది, గోడ నిండుగా ఉన్న రోజుల్లో ప్రేక్షకులకు కొండ కనిపించేదే కాదు. మధ్యాహ్నానికి ఎట్నాను మబ్బు కమ్మేస్తుంది, పొద్దున్నే వెళ్లాలి.

పియాజ్జా అర్మెరీనా

విల్లా రొమానా దెల్ కసాలే 4వ శతాబ్దపు రోమన్ ధనవంతుడి భవనం. సుమారు 3,500 చదరపు మీటర్ల మొజాయిక్ నేల. ముందు రాత్రి ఊళ్లోనే ఉండి గేటు తీయగానే వెళ్లాలి, బస్సు గుంపులు వచ్చాక పై నడక వంతెనల మీద ఆగి చూసే వీలుండదు, పైకప్పు కింద ఉక్కపోత కూడా. బికినీ లాంటి దుస్తుల్లో ఆడుతున్న అమ్మాయిల మొజాయిక్ గది దగ్గర ఎటూ క్యూ ఉంటుంది. దానికంటే 60 మీటర్ల పొడవైన, వేట దృశ్యాలున్న నడవకు ఎక్కువ సమయం ఇవ్వండి. దాని ఒక చివర అర్ధవృత్తంలో ఏనుగు దంతం పట్టుకున్న స్త్రీ, ఆమెకు అటూ ఇటూ ఏనుగు, పులి ఉంటాయి. ఆమె భారతదేశానికి ప్రతిరూపమని కొందరు పండితుల అభిప్రాయం. ఇది చాలామంది తల తిప్పకుండా దాటిపోయే మూల.

అగ్రిజెంటో

గుళ్ల లోయ అని పేరే గానీ అది లోయ కాదు, ఊరికీ సముద్రానికీ మధ్య పొడుగాటి గట్టు. రెండు గేట్లున్నాయి. ఎగువ తూర్పు గేటు జూనో గుడి దగ్గర, దిగువ గేటు పోర్టా 5 దగ్గర. పోర్టా 5లో ఎక్కితే దారంతా ఎగువకే. ఎగువ గేటు నుంచి దిగువకు నడవండి, రెండు కిలోమీటర్లు. కారు దిగువన పెట్టి, ట్యాక్సీలోనో షటిల్‌లోనో పైకి వెళ్లడం తేలిక. బయల్దేరే వేళ, సూర్యాస్తమయానికి మూడు గంటల ముందు. చీకటి పడ్డాక దీపాలు వేస్తారు, వేసవిలో రాత్రి కూడా తెరిచి ఉంచుతారు. ఆఖరి టికెట్ వేళ గేటు మూసే వేళ కంటే ముందే అయిపోతుందని గుర్తుంచుకోండి.

జూనో గుడి రాళ్ల మీద ఎర్రటి మచ్చలు చూడండి, క్రీ.పూ. 406లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ సైన్యం పెట్టిన మంటల గుర్తులంటారు. గుడికి తూర్పున బలిపీఠం ఉంది. తర్వాత కాంకోర్డియా. గుడి ఇంత నిండుగా నిలవడానికి కారణం 6వ శతాబ్దం చివర అది చర్చి కావడమే, లోపలి గోడల్లో వరసగా తొలిచిన కమాన్లు అప్పటివి. స్తంభాల రాయి దగ్గరికి వెళ్లి చూస్తే గవ్వల ముక్కలు కనిపిస్తాయి. ఆ పసుపు రంగు మనకే, కట్టినవాళ్లు దాని మీద తెల్లటి సున్నపు పూత వేశారు.

దిగువన గ్రీకు దేవుడు జియుస్ గుడి కుప్పగా పడి ఉంది, చాలామంది అప్పటికి అలిసిపోయి వదిలేస్తారు. అక్కడి దిమ్మెల చివర్లలో ఇంగ్లిష్ 'యు' ఆకారంలో గాళ్లు చూడండి. తాడు అందులోంచి తిప్పి పైకెత్తేవారు, దిమ్మె పక్కదానికి ఆనించాక కూడా తాడు బయటికి లాగేయొచ్చు. నేల మీద పడుకుని ఉన్న రాతి మనిషి, గుడి పై భాగాన్ని మోస్తున్నట్టు చెక్కిన విగ్రహం, నకలు మాత్రమే. ఏడున్నర మీటర్లు దాటిన అసలుది మ్యూజియంలో నిలబెట్టారు. మర్నాడు పొద్దున మ్యూజియం చూడండి, ఉమ్మడి టికెట్ తీసుకుంటే కలిసొస్తుంది.

సెలినుంటే, కూజా గనులు, సెజెస్టా

సెలినుంటే వైశాల్యం దాదాపు 270 హెక్టార్లు. తూర్పు గుట్ట మీద 1950లలో తిరిగి నిలబెట్టిన ఇ గుడి, దానికి ఎగువన పూర్తికాని జి గుడి కుప్ప. పేర్చిన తిరగలి రాళ్ల దొంతర పక్కకు ఒరిగినట్టు స్తంభాల ముక్కలు వరసగా పడి ఉంటాయి. ముక్క మధ్యలో చదరపు గుంత ఉంటుంది, పై ముక్క కింది ముక్క మీద సరిగ్గా కూర్చోవడానికి చెక్క మేకు బిగించే చోటది. తూర్పు గుట్ట నుంచి సముద్రం పక్కనున్న అక్రోపోలిస్ (ఎత్తు మీది పాత కోట ఊరు) దాకా నడక ఎండలో భారం, బ్యాటరీ బండికి డబ్బు పెట్టడం దండగ కాదు. మనిషికి లీటరున్నర నీళ్లు, టోపీ, గ్రిప్ ఉన్న బూట్లు తప్పనిసరి. జనం నడిచి నున్నబడ్డ రాయి మీద చెప్పులు జారతాయి.

ఆ రాళ్లు వచ్చిన గనులు కావే ది కూజా, కారులో కాస్త పడమటికి. యాత్రలో ఒక్క చోటు వదలకూడదంటే ఇదే. స్తంభం ముక్కలు ఇంకా కొండరాతికి అంటుకునే ఉన్నాయి. చుట్టూ మనిషి దూరి ఉలి ఆడించేంత ఇరుకు కందకం, కందకం గోడల మీద ఉలి గీతలు. కొన్ని సగం లోతు తొలిచినవి, కొన్ని తెంపి గుడి దిశగా కదిపాక దారిలో ఆగిపోయినవి. క్రీ.పూ. 409లో కార్తేజ్ దాడితో పని ఆగింది. టికెట్ కిటికీ దగ్గర కూడా జనం ఉండరు, అరగంట అనుకుని వెళ్తే గంట గడుస్తుంది.

మర్నాడు పలెర్మో దారిలో సెజెస్టా. 36 స్తంభాలూ నిలబడే ఉన్నాయి. స్తంభాలకు నిలువు గాళ్లు చెక్కలేదు, మెట్ల దిమ్మెల మీద మోతకు వదిలిన బొడిపెలు చెక్కేయలేదు, లోపలి గది లేదు. పూర్తికాని గుడిని ఏ వరసలో కడతారో ఇక్కడ తెలుస్తుంది, చెక్కుడు పని ఆఖరున. థియేటర్ కొండ మీద ఉంది, షటిల్ బస్సులో వెళ్లి నడిచి దిగండి.

తిండి, టికెట్లు

మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి ఏడున్నర దాకా వంటశాలలు మూత, కాబట్టి భోజనం రెండు లోపు ముగించాలి. శాకాహారులకు వంకాయలతో చేసే పాస్టా అల్లా నోర్మా, పలెర్మోలో శనగపిండి ముక్కలు వేయించి బన్నులో పెట్టే పనెల్లే ఉంటాయి. అరాంచీనీ (వేయించిన అన్నం ఉండలు) బాగుంటాయి గానీ 'అల్ బుర్రో' రకంలో చాలాసార్లు హామ్ ఉంటుంది. "సెంజా కార్నే, సెంజా పేషే" అని మాంసం, చేప రెండూ వద్దని విడివిడిగా చెప్పాలి, మాంసం వద్దంటే చేప పెట్టేవాళ్లున్నారు.

నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ స్థలాల్లో ప్రవేశం ఉచితం. డబ్బు మిగులుతుంది, ప్రశాంతత పోతుంది. మ్యూజియాలు చాలావరకు సోమవారం తెరవరు. సెలినుంటే గుళ్ల నుంచి తీసిన శిల్ప ఫలకాలు పలెర్మోలోని సలీనాస్ మ్యూజియంలో ఉన్నాయి, పలెర్మోలో దిగే రోజును దాన్ని బట్టే పెట్టుకోండి. డ్రోన్ అనుమతి లేకుండా ఎగరేయకూడదు. నేల మీద దొరికిన పెంకు ముక్క, మొజాయిక్ రాయి జేబులో వేసుకోవడం నేరం, విమానాశ్రయం స్కానర్‌లో దొరికితే విమానం తప్పడం ఒక్కటే నష్టం కాదు.

పలెర్మో విమానాశ్రయంలో కారు అప్పగించేటప్పుడు నాలుగు వైపులా, చక్రాల అంచులు, ఇంధనం ముల్లు కనిపించేలా వీడియో తీసుకుని ఉంచండి. జెడ్.టి.ఎల్. జరిమానా ఉంటే అద్దె కంపెనీ ముందు మీ వివరాలు ఇచ్చినందుకు రుసుము కార్డు మీద వేస్తుంది, అసలు జరిమానా కాగితం నెలల తర్వాత విడిగా వస్తుంది. అందుకే ఇంటికొచ్చాక కూడా ఆ కార్డు స్టేట్‌మెంట్లు చూస్తూ ఉండాలి, అద్దె ఒప్పందం కాగితాలు ఏడాది దాచాలి.